కదలకుండా పడుకున్న రోగి: పెరిటోనియం, పెరిటోనైటిస్

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

కడుపునొప్పితో అటూ ఇటూ పొర్లుతూ కేకలు పెట్టే మనిషిని చూస్తే ఇంటివాళ్లు హడలిపోతారు. శస్త్రవైద్యుడిగా నేను అంతకంటే ఎక్కువ భయపడేది మోకాళ్లు ముడుచుకుని, దగ్గడానికి కూడా జంకుతూ, కదలకుండా పడుకున్న రోగిని చూసినప్పుడు. మూత్రపిండంలో రాయి నొప్పి మనిషిని పొర్లిస్తుంది, పెరిటోనైటిస్, అంటే కడుపు లోపలి పొర అయిన పెరిటోనియం వాపు, మంచానికి కట్టిపడేస్తుంది. ఈ తేడాకు కారణం పెరిటోనియం నిర్మాణంలోనే ఉంది.

ఉదరకుహరం లోపలి గోడను, అందులోని చాలా అవయవాలను కప్పి ఉంచే పలుచని నున్నని పొరే పెరిటోనియం. విప్పి పరిస్తే దాని వైశాల్యం దాదాపు మన ఒంటి చర్మమంత ఉంటుంది. గోడకు అంటుకున్న భాగాన్ని కుడ్యపొర అని, అవయవాలను చుట్టిన భాగాన్ని అంతరాంగపొర అని అంటాం గాని, నిజానికి ఒకే పొర వెనుక గోడ నుంచి మడతపడి పేగుల మీదికి సాగుతుంది. రక్తనాళాలు, నరాలు పేగుకు చేరేది ఆ మడత గుండానే. సుమారు 6 మీటర్ల చిన్నపేగును పట్టి ఉంచే ఆ మడత వెనుక గోడకు అతుక్కునేది 15 సెంటీమీటర్ల మేరే. చీర కుచ్చిళ్లు నడుము దగ్గర ఇమిడి, కింద విచ్చుకున్నట్టు ఉంటుందది. మూత్రపిండాలు, క్లోమంలో అధికభాగం ఈ పొరకు వెనుక ఉంటాయి. జీర్ణాశయం నుంచి కొవ్వుతెరలా వేలాడే వప మాత్రం వాపు వచ్చిన చోట అతుక్కుని, చీము మిగతా కడుపులోకి పాకకుండా అడ్డుకుంటుంది. చిన్నపిల్లల్లో అది ఇంకా పొట్టిగా, పలుచగా ఉంటుంది కాబట్టే వారిలో అపెండిక్స్ పగిలితే చీము త్వరగా కడుపంతా వ్యాపిస్తుంది.

అసలు కీలకం నరాలలో ఉంది. అంతరాంగపొరకు కోసినా కాల్చినా పెద్దగా తెలియదు. సాగితే, రక్తం అందకపోతే మాత్రం ఎక్కడో ఇదమిత్థంగా చెప్పలేని నొప్పి వస్తుంది. కుడ్యపొరకు పైనున్న చర్మానికి, కండరాలకు వచ్చే నరాలే వస్తాయి. అందుకే అక్కడి నొప్పిని రోగి వేలితో చూపించగలడు. మన ఊళ్లలో 'ఇరవై నాలుగు గంటల నొప్పి' అనే అపెండిసైటిస్‌లో మొదట బొడ్డు చుట్టూ నొప్పి పుట్టి, కొన్ని గంటలకు కుడివైపు పొత్తికడుపులోకి దిగడానికి కారణం ఇదే: వాపు అవయవాన్ని దాటి గోడను తాకింది.

ప్రఖ్యాత ఇంద్రజాలికుడు హారీ హూడినీ 1926 అక్టోబరులో జ్వరంతోనే డెట్రాయిట్‌లో ప్రదర్శన ఇచ్చాడు. అపెండిక్స్ అప్పటికే పగిలింది. శస్త్రచికిత్స చేసినా, యాంటీబయాటిక్స్ లేని ఆ కాలంలో పెరిటోనైటిస్‌తో అక్టోబరు 31న మరణించాడు.

అపెండిక్స్ ఒక్కటే కారణం కాదు. జీర్ణాశయంలోనో, దాని తరువాత వచ్చే చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోనో పుండు చిల్లుపడవచ్చు. నొప్పి మాత్రలు రోజూ మింగేవారికి ఈ ముప్పు ఎక్కువ. టైఫాయిడ్‌కు సరైన వైద్యం అందకపోతే రెండు, మూడు వారాలకు చిన్నపేగు చివర చిల్లుపడవచ్చు. కడుపుకు తగిలిన దెబ్బలు, క్షయ కూడా కారణాలే. కాలేయం గట్టిపడి దెబ్బతినే సిర్రోసిస్‌తో కడుపులో నీరు చేరినవారికి ఏ చిల్లూ లేకుండానే ఆ నీటిలో సూక్ష్మజీవులు పెరగవచ్చు.

కుడ్యపొర రేగినప్పుడు పైనున్న కండరాలు తమంతట తామే బిగుసుకుని, కడుపు చెక్కలా గట్టిపడుతుంది. నెమ్మదిగా నొక్కి చప్పున చేయి తీస్తే నొప్పి ఒక్కసారిగా పొడుస్తుంది. పేగుల కదలిక ఆగిపోయి, స్టెతస్కోప్‌తో విన్నా చప్పుడు ఉండదు. వాంతులు, జ్వరం, వేగంగా కొట్టుకునే నాడి తోడవుతాయి. ఛాతీని, కడుపును వేరుచేసే కండరమైన ఉదరవితానం కింది పొర రేగితే నొప్పి భుజం మీద తెలుస్తుంది. చిల్లు పడితే, నిలబెట్టి తీసిన ఛాతీ ఎక్స్‌రేలో ఉదరవితానం కింద గాలి నల్లని నెలవంకలా కనిపించవచ్చు. కనిపించనంత మాత్రాన చిల్లు లేదని అనుకోకూడదు.

పుండు చిల్లుపడిన కొన్ని గంటలకు, కారిన ఆమ్లం కడుపులో ఊరిన ద్రవంతో పలచబడి నొప్పి తగ్గినట్టు అనిపిస్తుంది. ఇంటికి వెళ్లిపోదామని రోగి అనేది అప్పుడే. లోపల మాత్రం సూక్ష్మజీవులు పెరుగుతూనే ఉంటాయి. వృద్ధుల్లోను, స్టెరాయిడ్లు వాడేవారిలోను కడుపు గట్టిపడకుండానే, పెద్ద నొప్పి లేకుండానే వ్యాధి ముదురుతుంది. అలాంటివారిలో కారణం తెలియకుండా పెరిగిన నాడి, తగ్గిన మూత్రం, కొత్తగా వచ్చిన మగతే ఒక్కోసారి మనకు దొరికే ఆనవాళ్లు.