యుద్ధంలో ప్రోనోటా? ఆ టికెట్టు డబ్బులు మనోళ్ళు ఎప్పుడో కట్టేశారు!

నమస్కారమండి. సూటిగా విషయంలోకి వచ్చేద్దాం.

"సంపాదించుకోడానికి వాళ్ళంతట వాళ్ళే విదేశాలకి వెళ్ళారు. అక్కడ బాంబులు పడితే మా పన్నుల డబ్బుతో విమానం పంపడమేంటి? టికెట్టు డబ్బులు వసూలు చెయ్యండి." ఎక్కడ యుద్ధం వచ్చినా ఈ పాటే మొదలవుతోంది. రాజోలు, మలికిపురం, ఆచంట, నరసాపురం... వీధికి నలుగురు గల్ఫులో ఉన్న మన గోదావరి డెల్టాలో కూడా అరుగుల మీద కూర్చుని ఇదే మాట అంటున్నారు. నేను ఒక్కటే చెప్తాను, ఈ వీడియో అయ్యేదాకా అదే చెప్తాను. అది ఫ్రీ టికెట్టు కాదు. మనోళ్ళు ఆ డబ్బు ముందే కట్టేశారు.

ఎక్కడ కట్టారంటారా? ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ అని ఒకటుంది. 2009లో పెట్టారు. విదేశంలో మన ఎంబసీకి పాస్‌పోర్టు రెన్యువల్‌కి వెళ్ళినా, పవర్ ఆఫ్ అటార్నీ మీద ముద్ర వేయించుకోడానికి వెళ్ళినా అసలు ఫీజు మీద రెండు మూడు డాలర్లు అదనంగా తీసుకుంటారు. ఆ అదనమే ఈ ఫండు. మన దేశం చూడ్డానికి వచ్చే విదేశీయులు వీసాకి కట్టేదాంట్లోంచి కూడా ఇందులోకి పోతుంది. 2017 సెప్టెంబరు నుంచి అమలైన మార్గదర్శకాల్లో, ఈ ఫండుని దేనికి వాడాలో రాసినచోట, యుద్ధప్రాంతాల నుంచి భారతీయుల్ని తరలించడం అని స్పష్టంగా ఉంది. కువైట్లో అరబ్బోళ్ళ ఇంట్లో అంట్లు తోమే ఆవిడ పాస్‌పోర్టుకి వెళ్ళిన ప్రతిసారీ ఇందులో వేసింది. మరి ఆవిణ్ణి పట్టుకుని "ఎవడబ్బ సొమ్ము?" అంటారేంటండి? ఆవిడ సొమ్మే! ఎయిర్‌ఫోర్సు విమానం ఖర్చు వేరే పద్దులోంచి వస్తుంది, కాదనను. కానీ టికెట్టు, బస్సు, బస, భోజనం, వీటన్నిటికీ ఈ ఫండు ఉన్నదే.

ఇప్పుడు అసలు బాంబు. మన దేశంలో ఇలా తరలింపు ఖర్చు వసూలు చెయ్యడం కొత్త ఆలోచనేం కాదు, చట్టంలో ఎప్పుడో ఉంది. 1967 పాస్‌పోర్టుల చట్టం, సెక్షన్ 6, సబ్‌సెక్షన్ 2, క్లాజు హెచ్. తీసి చదవండి. సర్కారు ఖర్చుతో స్వదేశానికి తెచ్చిన మనిషి ఆ ఖర్చు తిరిగి కట్టకపోతే పాస్‌పోర్టు ఇవ్వకుండా తిరస్కరించాలి అని ఉంది. ఉక్రెయిన్‌కి గంగ, సూడాన్‌కి కావేరి, ఇజ్రాయెల్‌కి అజయ్, ఇరాన్‌కి సింధు అని పేర్లు పెట్టిన తరలింపు ఆపరేషన్లలో మనోళ్ళని డబ్బు అడగలేదు. మంచిదే. కానీ ఆ క్లాజు అలాగే ఉంది. రేపు ఏ ఆఫీసరైనా దాన్ని బయటికి తీస్తే? గల్ఫు నుంచి తిరిగొచ్చిన ఇంటిపనావిడకి పాస్‌పోర్టు ఒక్కటే ఆస్తి. అది ఆగితే మళ్ళీ వెళ్ళడం లేదు, తెచ్చిన అప్పు తీరడం లేదు.

డబ్బు అడిగిన సందర్భాలూ ఉన్నాయండోయ్. 2020లో కరోనా టైములో వందే భారత్ విమానాలు టికెట్టు మీదే నడిచాయి. లండన్ నుంచి 50 వేలు, అమెరికా నుంచి లక్ష. మాల్దీవుల నుంచి నేవీ ఓడ ఎక్కినవాళ్ళ దగ్గర మనిషికి 40 డాలర్లు తీసుకున్నారు. అది యుద్ధం కాదు, సరే. కానీ అలవాటు అక్కడే మొదలవుతుంది.

బయటి దేశాలు చూద్దాం. అమెరికాలో చట్టమే ఉంది. తరలింపు విమానం ఎక్కేముందు డీఎస్-5528 అని ఓ కాగితం మీద సంతకం పెట్టాలి. మన భాషలో చెప్పాలంటే ప్రోనోటు! గొడవ మొదలవ్వకముందు మామూలు టికెట్టు ఎంతుందో అంత తర్వాత కడతానని. కట్టకపోతే పాస్‌పోర్టు దగ్గర పట్టుకుంటారు. 2006లో లెబనాన్ యుద్ధంలో ఈ ప్రోనోటు పెడితే జనం మండిపడ్డారు, మాఫీ చేశారు. 2021లో కాబూల్లో ముందు మనిషికి 2 వేల డాలర్లు అవ్వొచ్చన్నారు, అల్లరయ్యాక వద్దన్నారు. 2023 అక్టోబరులో ఇజ్రాయెల్ వచ్చేసరికి మళ్ళీ ప్రోనోటు తీశారు. బ్రిటన్ అయితే ఒకే ఏడాదిలో రెండు పద్ధతులు: ఏప్రిల్లో సూడాన్ నుంచి ఉచితం, అక్టోబరులో ఇజ్రాయెల్ నుంచి 300 పౌండ్లు. ఇందులో సూత్రం ఎక్కడుందండి? గట్టిగా అరిస్తే మాఫీ, అరవకపోతే బిల్లు. మరి మలికిపురం నుంచి వెళ్ళిన పదో క్లాసు చదవని ఆడమనిషి తరఫున వాషింగ్టన్ స్థాయిలో అరిచేదెవరు?

"ముందే హెచ్చరించారు కదా, ఎందుకు రాలేదు" అనేది రెండో వాదన. దీనికి తేదీలతో జవాబు చెప్తాను. 2022 ఫిబ్రవరి 15న ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో మన ఎంబసీ మొదటి సూచన ఇచ్చింది, ఉండాల్సిన అవసరం లేనివాళ్ళు తాత్కాలికంగా వెళ్ళిపోవడం ఆలోచించండి అని. 20న ఇంకోటి. 24న యుద్ధం. మధ్యలో తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల్లో టికెట్టు రేటు 60 వేలు దాటింది. ఎయిరిండియా 22, 24, 26 తేదీలకి మూడు ప్రత్యేక విమానాలు ప్రకటించింది, డబ్బు పెట్టి కొనుక్కునేవే. అటు యూనివర్సిటీలేమో ఆన్‌లైన్ క్లాసులకి ఒప్పుకోవు, హాజరు పోతుందని భయం. పొలం తాకట్టు పెట్టి పిల్లాణ్ణి మెడిసిన్‌కి పంపిన రైతు ఫోన్లో ఏం చెప్తాడు? "రెండ్రోజులు చూడరా, రేటు తగ్గుతుందేమో" అంటాడు. 22న వెళ్ళిన విమానం జనాన్ని తెచ్చింది. 24న బయల్దేరిన విమానం గగనతలం మూసేస్తే సగం దారిలోంచి వెనక్కి తిరిగింది. 26 విమానం ఇక లేనే లేదు.

తర్వాత ఏమైంది? మార్చి 2న ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరంలో ఉన్న మన పిల్లలకి ఎంబసీ సూచన: బస్సు, రైలు దొరక్కపోతే నడిచైనా సరే, సాయంత్రం 6 గంటల్లోపు పెసోచిన్ లాంటి దగ్గర్లోని ఊళ్ళకి చేరండి. పెసోచిన్‌కే 11 కిలోమీటర్లు, మంచులో, షెల్లింగు మధ్య. ఉక్రెయిన్‌లో ఉన్న మనోళ్ళందర్నీ తేవడానికి ఆపరేషన్ గంగలో 90 విమానాలు పోయాయి, అందులో 14 ఎయిర్‌ఫోర్సువి. నలుగురు కేంద్ర మంత్రులు సరిహద్దు దేశాల్లో మకాం పెట్టారు. లెక్క వేసుకోండి. ఫిబ్రవరి 15న టికెట్టు మీద సగం సర్కారు పెట్టుంటే ఎంతయ్యేది, మార్చిలో ఎంతయింది?

నా వాదనంతా ఇదే. బిల్లు భయం మనిషిని ఆపుతుంది. మనిషి ఆగితే ఖర్చు పెరుగుతుంది. డబ్బులు వసూలు చేస్తే ఖజానాకి మిగులుతుందనేది కాగితం మీద లెక్క.

మనకి ఇది కొత్తగా చెప్పాలా? ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మొదటి హెచ్చరికకి గోదావరి లంకల్లోంచి ఎవరు కదులుతారు? గేదెలున్నాయి, గడ్డివాము ఉంది, చూద్దాంలే అంటారు. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రోజు పడవ గట్టు దగ్గర ఎవరైనా టికెట్టు అడిగారా? అడిగుంటే సగం మంది చూరు పట్టుకుని ఇంట్లోనే ఉండేవారు. అడక్కపోగా శిబిరం నుంచి ఇంటికెళ్ళేటప్పుడు కుటుంబానికి 2 వేలు చేతిలో పెట్టి పంపారు. ఏటి అవతలోడికి ఒక న్యాయం, సముద్రం అవతలోడికి ఇంకో న్యాయమా?

మరి బిల్లు ఎవరికి వెయ్యాలి? నేను ఎవరికీ వద్దనడం లేదు. ఏజెంటుకి వెయ్యండి! 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు 50 లక్షల దాకా బ్యాంకు గ్యారంటీ పెడతాడు. తను పంపిన మనిషిని వెనక్కి తేవాల్సొస్తే ఆ ఖర్చు దాంట్లోంచి తీసుకోవచ్చని చట్టమే చెప్తోంది. అభ్యర్థి దగ్గర ఏజెంటు తీసుకోవాల్సింది మహా అయితే 30 వేలు, పైన జీఎస్టీ. అంతే. మన ఊళ్ళల్లో ఎంత లాగుతున్నారో మీకు తెలుసు.

ఎక్కడ తేడా కొడుతోందంటే, విజిట్ వీసా దగ్గర. ఇంటిపనికి గల్ఫు వెళ్ళే ఆడమనిషికి 30 ఏళ్ళు నిండాలి, సర్కారు వారి ఈ-మైగ్రేట్ సైటులో నమోదవ్వాలి, విదేశీ పనికి వెళ్ళే అనుమతి (ఎమిగ్రేషన్ క్లియరెన్సు) కావాలి. ఇవన్నీ తప్పించుకోడానికి ఊళ్ళో లైసెన్సు లేని సబ్ ఏజెంటు టూరిస్టు వీసా మీద దుబాయో మస్కటో ఎక్కించి, అక్కణ్ణుంచి ఇంకో దేశం దాటిస్తాడు. అప్పుడు ఆవిడ ఏ లిస్టులోనూ ఉండదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉండదు. రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375, ప్రమాదంలో పోతే 10 లక్షలు వచ్చే పాలసీ అది. పోయేది 275 రూపాయలే, కానీ ఈ-మైగ్రేట్ నమోదు లేకపోవడం వల్ల ఏజెంటు పేరు ఎక్కడా ఉండదు, గ్యారంటీ ముట్టుకోడానికి ఆధారం ఉండదు. అందుకే బిల్లు చివరికి ఆవిడ నెత్తిన పడుతుందని నా భయం.

యజమానికి వెయ్యాలని కూడా మన సర్కారు ఓసారి చూసింది. ఇంటిపనికి పిలిపించుకునేవాడు 2,500 డాలర్ల గ్యారంటీ ఎంబసీలో పెట్టాలని రూలు తెచ్చారు. కువైట్ ఎదురు తిరిగింది, మనోళ్ళు కువైట్ వరకూ వెనక్కి తగ్గారు. తగ్గకుండా ఉండాల్సింది! పైగా అక్కడ 2025 జూలై 1 నుంచి 18 నంబరు వీసా (ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్ళది) మీద ఉన్నవాళ్ళు దేశం దాటాలంటే యజమాని అనుమతి కావాలి. గేటు తాళం కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర, బిల్లు మాత్రం పనోడికా?

ఇంట్లో ఎవరైనా అక్కడుంటే ఇవాళే ఫోన్ చేసి ఈ పనులు చేయించండి. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా, సివిల్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) ఫొటోలు తీసి ఇక్కడి ఫోనుకి పంపమనండి. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఇరుక్కుంటే ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది, ఇండియా రావడానికి ఒక్కసారి పనికొచ్చేది. దానికి ముందు మనిషి భారతీయుడేనని తేలాలి. పాత పాస్‌పోర్టు నంబరు చేతిలో ఉంటే తొందరగా తేలుతుంది, లేకపోతే ఇక్కడి నుంచి విచారణ అయ్యేదాకా ఆగాలి. ఎంబసీ సైటులో పేరు, ఫోను, ఉంటున్న ఏరియా నమోదు చెయ్యమనండి. అకామా (అక్కడ ఉండే అనుమతి) అయిపోయి ఖల్లివల్లిగా, అంటే కాగితాల్లేకుండా ఉన్నా సరే, నమోదు చేసుకోమనండి. భయపడి పేరు దాచుకున్నవాళ్ళకే విమానం సంగతి చివర్న తెలుస్తుంది. తరలింపు టైములో ఏ కాగితం మీద సంతకం అడిగినా ఫొటో తీసుకోమనండి. "ఖర్చు తిరిగి కడతాను" అనే వాక్యం ఉంటే ఎంత మొత్తమో రాయించుకోకుండా సంతకం వద్దు. ఖాళీ గడి మీద అసలే వద్దు.

మీ ఊళ్ళో విజిట్ వీసా మీద వెళ్ళినవాళ్ళు ఎంతమందో, ఎంత కట్టి వెళ్ళారో కామెంట్లో రాయండి. పేర్లొద్దు, మండలం చాలు. పాస్‌పోర్టు చట్టంలోంచి ఆ 6(2)(హెచ్) క్లాజు తీసెయ్యమని మన ఎంపీలకి రాసే ఉత్తరంలో ఆ లెక్కలన్నీ పెడుతున్నాను.