మతాన్ని చదివితే బతుకుదెరువు ఏమిటి?

(నల్లగొండలో డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులు, వారి తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తోటి అధ్యాపకులకు నమస్కారం. విద్యార్థులకు శుభాశీస్సులు. దేవరకొండ, హాలియా, మిర్యాలగూడ వైపు నుంచి, అటు కల్వకుర్తి, అచ్చంపేటల నుంచి పొద్దున్నే బస్సు పట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు ప్రత్యేకంగా నమస్కారం. మీలో కొందరు ఒక రోజు కూలి వదులుకుని వచ్చారని నాకు తెలుసు. అందుకే డొంకతిరుగుడు లేకుండా మీ ప్రశ్నతోనే మొదలుపెడతాను.

మా అమ్మాయి మతాల గురించి పీజీ చేస్తానంటోంది, అది చదివి ఏం చేస్తుంది? పూజారి కాదు, మౌల్వీ కాదు, పాస్టరు కాదు, మరి నెల తిరిగితే ఇంటికి ఏం తెస్తుంది? ఇది న్యాయమైన ప్రశ్న. డబ్బు సంగతి అడిగిన తల్లిదండ్రులను చదువు విలువ తెలియనివారిగా చూడటం నాకు నచ్చదు. పాలమూరు నుంచి ముంబైకి, పుణేకు పనికి వెళ్లి పిల్లలను కాలేజీకి పంపిన కుటుంబాలకు ఆ ప్రశ్న అడిగే హక్కు అందరికన్నా ఎక్కువ ఉంది. నా జవాబు ముందే చెబుతాను. ఈ చదువు మన ప్రాంతపు పిల్లలకు పనికొస్తుంది. కానీ దాని వెంట ఒక భాష, ఒక మూల సబ్జెక్టు ఉండాలి. అవి లేకుండా వెళితే ఇబ్బంది పడతారు.

ముందు రెండు దారులను విడదీసి చూద్దాం. విశ్వాసంలో ఉండి, ఆ విశ్వాసానికి సేవ చేయడానికి చదివే చదువు ఒకటి. హైదరాబాదులో జామియా నిజామియా, క్రైస్తవ వేదాంత డిగ్రీలిచ్చే సేరంపూర్ సెనేట్‌కు అనుబంధంగా ఉన్న ఆంధ్ర క్రైస్తవ థియొలాజికల్ కాలేజీ, తిరుపతిలో వేద విశ్వవిద్యాలయం ఆ కోవలోవి. ఆ చదువుకు ఆలయంలో, మసీదులో, చర్చిలో చోటుంది. సైన్యంలో కూడా ఉంది. మన సైన్యం పండితులను, గ్రంథీలను, మౌల్వీలను, పాద్రీలను, బౌద్ధ భిక్షువులను జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ హోదాలో మతబోధకులుగా తీసుకుంటుంది. డిగ్రీతో పాటు ఆయా మతాల్లో అర్హత ఉండాలి. గౌరవమైన ఉద్యోగం అది.

నేను ఈరోజు మాట్లాడేది రెండో దారి గురించి. మతాన్ని నమ్మినా నమ్మకపోయినా, దాన్ని చరిత్రగా, సమాజంగా, గ్రంథంగా, ఆచారంగా ఆధారాలతో చదివే చదువు అది. పటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయంలో 1967 నుంచి మత అధ్యయన విభాగం ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బౌద్ధ అధ్యయన విభాగం 1957 నాటిది. మనకు దగ్గరలో ఉస్మానియాలోనూ, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ ఇస్లామిక్ అధ్యయన విభాగాలున్నాయి. గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయంలో మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం ఉంది.

సర్కారు డబ్బుతో మతం చదివించవచ్చా అని కొందరు అడుగుతారు. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదు. ఆ అధికరణాన్ని తలచుకుని మన కాలేజీలు మతం పేరెత్తడానికే జంకుతాయి. ఆ జంకు అవసరం లేదు. గురునానక్ విశ్వవిద్యాలయం విషయంలో 1971లో డి.ఏ.వి. కళాశాల కేసు సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఒక మహనీయుడి జీవితాన్ని, బోధనలను, సంస్కృతిపై వాటి ప్రభావాన్ని అధ్యయనం చేయడం మతబోధ కిందికి రాదని కోర్టు తేల్చింది. పాఠశాలల పాఠ్యప్రణాళిక మీద వచ్చిన అరుణా రాయ్ కేసులోనూ 2002లో మతాల గురించి చదవడాన్ని, మతాన్ని బోధించడాన్ని వేరు చేసి చూసింది. అంతకుముందే 1949లో విశ్వవిద్యాలయ విద్యపై వేసిన రాధాకృష్ణన్ కమిషన్ డిగ్రీ మూడేళ్లకూ ఒక పథకం సూచించింది: మొదటి ఏడు బుద్ధుడు, ఏసు, శంకరుడు, మహమ్మద్, కబీరు, నానక్ వంటివారి జీవితాలు, రెండో ఏడు వివిధ మతగ్రంథాల్లోని భాగాలు, మూడో ఏడు మత తత్వశాస్త్రంలోని ప్రధాన సమస్యలు. డెబ్బై అయిదేళ్లు దాటినా అది మన తరగతి గదుల దాకా రాలేదంటే నాకు బాధగానే ఉంటుంది.

ఈ చదువు ఒక విద్యార్థికి నేర్పేదేమిటో ఒక నోటు పుస్తకంతో చెబుతాను. నేను చరిత్ర పాఠాలు చెబుతాను, ప్రాజెక్టులు చూస్తాను. ఒక విద్యార్థిని తన ఊరి పీర్ల పండుగ (మొహర్రం) మీద రాసుకొచ్చింది. మొదటి పేజీలో ‘హిందూ ముస్లింల ఐక్యతకు ప్రతీక’ అని పెద్ద అక్షరాలతో శీర్షిక. అది కొట్టేసి మళ్లీ ఊరికి వెళ్లమన్నాను. కొన్ని ప్రశ్నలు రాసిచ్చాను. పీరు ఎత్తే వంతు ఏ ఇంటిది, అది ఎలా వచ్చింది? అలావా, అంటే నిప్పుల గుండం, ఎవరు తవ్వుతారు? పీర్లకు కట్టే దట్టీలు (గుడ్డలు) ఎవరు తెస్తారు? మలీద (బెల్లం, రొట్టెలతో చేసే ప్రసాదం) ఎవరి ఇంట్లో చేస్తారు, ఎవరికి ముందు పెడతారు? డప్పు కొట్టేవారికి ఏం ముడుతుంది?

రెండోసారి తెచ్చిన నోటు పుస్తకం వేరేగా ఉంది. ఆ ఊళ్లో ముస్లిం కుటుంబమే లేదు. పీర్ల సేవ చూసే ముజావరు పక్క ఊరి నుంచి వస్తాడు. పీరు ఎత్తే వంతు అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పంచుకున్న ఆస్తిలో భాగం. డప్పు వాయించే కుటుంబాలు ఒక ఏడు తమకు ఇచ్చేది చాలదని రాకుండా మానేశాయి. ఆ ఏడు పండుగ చప్పుడు లేకుండా జరిగింది, మరుసటి ఏడు ఊరు దిగివచ్చింది. ఒక ముసలమ్మ తన మొక్కు గురించి చెప్పింది, ఆ మొక్కులో అల్లా, ఎల్లమ్మ ఒకే వాక్యంలో ఉన్నారు. అమ్మాయి ఆ వాక్యాన్ని సరిదిద్దకుండా ఉన్నదున్నట్టు రాసుకుంది. ఐక్యత అన్న శీర్షిక కింద ఇవేవీ కనిపించేవి కావు. కులం, ఆస్తి, కూలి, భక్తి ఒకదానిలో ఒకటి ఎలా అల్లుకుని ఉంటాయో ఆమె తానే చూసింది. ఎదుటివారిని నొప్పించకుండా ప్రశ్న అడగడం, విన్నదాన్ని తన అభిప్రాయంతో కలపకుండా రాయడం నేర్చుకుంది. విలేకరికి, న్యాయవాదికి, గ్రామాల్లో పనిచేసే అధికారికి, స్వచ్ఛంద సంస్థ ఉద్యోగికి రోజూ కావలసిన పనితనం ఇదే.

ఇలాంటి చదువుకు మన నేల కన్నా మంచి చోటు దేశంలో చాలా తక్కువగా ఉంటుంది. పానగల్లులో పచ్చల సోమేశ్వరం, ఛాయా సోమేశ్వరం ఆలయాలు మనకు కూతవేటు దూరం. ఊళ్లోనే దర్గా ఉన్న లతీఫ్ సాహెబ్ గుట్ట. ఆలేరు దగ్గర కొలనుపాకలో జైన క్షేత్రం, సోమేశ్వరాలయం ఒకే ఊళ్లో ఉన్నాయి, వీరశైవులకూ అది పుణ్యస్థలం. జడ్చర్ల దగ్గర ఇటుకలతో కట్టిన గొల్లత్తగుడి జైనుల కట్టడం. అలంపురంలో బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు, ఆ పక్కనే దర్గా. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి యాదవుల లింగమంతుల జాతర. సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లి ప్రదర్శనలో నిలిచాయి. ఆ శిల్పం కింద పెట్టే నాలుగు వాక్యాలు రాయడానికి బ్రాహ్మీ లిపి చదవగలిగినవారు, ప్రాకృతం తెలిసినవారు, బుద్ధుడి కథలు తెలిసినవారు కావాలి. వారిలో ఫణిగిరి చుట్టుపక్కల పిల్లలు కూడా ఉండాలని నా ఆశ. నాగార్జునసాగర్‌లో 274 ఎకరాల బౌద్ధ ఉద్యానం బుద్ధవనం 2022లో తెరుచుకుంది. అక్కడికి వచ్చే శ్రీలంక, థాయిలాండ్ యాత్రికులకు విషయం తెలిసి వివరించే మన పిల్లలు ఎంతమంది ఉన్నారు?

ఇక ఉద్యోగాలు. డిగ్రీ కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక వృత్తి కావాలంటే ప్రధానమైన అర్హత పరీక్ష యూజీసీ నెట్. అందులో తులనాత్మక మత అధ్యయనం ఒక సబ్జెక్టు. బౌద్ధ, జైన, గాంధేయ, శాంతి అధ్యయనాలు కలిపి మరొకటి. అరబ్ సంస్కృతి, ఇస్లామిక్ అధ్యయనాలు ఇంకొకటి. పీజీలో 55 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు 50 శాతం మార్కులుండాలి. జేఆర్ఎఫ్ అనే పరిశోధన భృతి వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. ఇంట్లోవారిని డబ్బు అడగకుండా పీహెచ్‌డీ చేసుకోవచ్చు. సివిల్స్‌లో తత్వశాస్త్రం ఐచ్ఛికంగా తీసుకుంటే రెండో పేపరులో ఒక భాగమంతా మత తత్వమే. దేవాదాయ శాఖ సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రేడ్-3 కార్యనిర్వహణాధికారుల పరీక్షలో ఒక పేపరు పూర్తిగా హిందూ తత్వం, దేవాలయ వ్యవస్థ మీద ఉంటుంది. రామాయణ భారత భాగవతాలతో పాటు ఆలయాల ఆదాయం, భూముల రికార్డులు కూడా అడుగుతారు. ఆ కొలువు చట్టప్రకారం హిందువులకే. ఆలయ వ్యవహారాలకు మూలం 1987 నాటి 30వ చట్టం, అంటే ధార్మిక, హిందూ మత సంస్థల, దేవాదాయాల చట్టం, అది ఒకసారి చదవండి.

అందరూ మరిచిపోయే మరో రంగం పాత కాగితాలు. నిజాం కాలపు ఇనాం భూములు, దర్గాల, దేవాలయాల మాన్యాలు, వక్ఫ్ ఆస్తుల పత్రాలు ఉర్దూలో, ఫారసీలో ఉన్నాయి. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అలాంటివి గుట్టలుగా ఉన్నాయి. మన పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ప్రతి పెద్ద భూతగాదాలో ఎక్కడో ఒకచోట అలాంటి కాగితం బయటపడుతుంది. దాన్ని చదివి, అందులోని మతపరమైన మాటలకు అర్థం చెప్పగలిగినవారు రోజురోజుకూ తగ్గిపోతున్నారు. ఉర్దూ లిపి వచ్చిన విద్యార్థి, ఏ మతానికి చెందినవారైనా సరే, ఆ లిపిని వదులుకోవద్దు. సంస్కృతం, పాలీ, అరబీ, ఫారసీ, ఏదో ఒకటి పట్టుకోండి. మతాన్ని అనువాదాల్లో మాత్రమే చదివినవారికి పరిశోధనలో తలుపులు తెరుచుకోవడం కష్టం.

ఇప్పుడు మీరు జాగ్రత్త పడవలసిన విషయం. జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ నోటిఫికేషన్లలో ‘సంబంధిత సబ్జెక్టులో పీజీ’ అని ఉంటుంది. అరుదైన పేరున్న పీజీ చేసి, ఆ పేరుతో పోస్టే లేక నలిగిపోయినవారిని చూశాను. కాబట్టి చరిత్రనో, తెలుగునో, రాజనీతి శాస్త్రాన్నో మూల సబ్జెక్టుగా పట్టుకోండి. కుదిరితే మొదటి పీజీ కూడా అందులోనే చేసి, మతాన్ని మీ పరిశోధనాంశంగా తీసుకోండి. బీఈడీ ఆలోచన ఉంటే మీ డిగ్రీ సబ్జెక్టులు దానికి సరిపోతాయో లేదో ఈ వారమే చూసుకోండి. ఇంటి మీద అప్పు ఉండి, వెంటనే సంపాదన తప్పనిసరి అయితే ముందు ఉద్యోగం చూసుకోండి. ఈ చదువుకు వయసు అడ్డం రాదు, జేఆర్ఎఫ్‌కు మాత్రం వయోపరిమితి ఉంది, అది గుర్తుంచుకోండి.

చివరిగా అధ్యాపకులతో ఒక మాట. కళాశాలల నాణ్యతను మదించే న్యాక్ సంస్థ ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, ఎంతమంది పై చదువులకు వెళ్లారు అని అడుగుతుంది. కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో కాలేజీల పట్టభద్రుల మధ్యస్థ జీతం లెక్కిస్తారు. ఈ లెక్కలు అవసరమే, కానీ వీటితోనే తూస్తే మానవీయ శాస్త్రాలు చదివినవారు ఎప్పుడూ వెనకే ఉంటారు. వారి జీవితాలు నెమ్మదిగా కుదురుకుంటాయి. బ్రిటన్‌లో చదువు ముగిసిన 15 నెలలకు పట్టభద్రులందరినీ సర్వే చేస్తారు. ఏం చేస్తున్నావని అడిగి ఊరుకోరు. చేస్తున్న పని నీకు అర్థవంతంగా ఉందా, భవిష్యత్తు ఆలోచనకు సరిపోతోందా, చదివినది ఆ పనిలో వాడుతున్నావా అని కూడా అడుగుతారు. ఈ మూడు ప్రశ్నలు అడగడానికి మనకు జీవో అక్కర్లేదు.

మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయాన్ని, పాలమూరు విశ్వవిద్యాలయాన్ని నేను కోరేది రెండే. ఏ డిగ్రీ విద్యార్థి అయినా తీసుకోగలిగేలా, ఊళ్లకు వెళ్లి చేసే పనితో కలిపి, ఒక సెమిస్టరు మత అధ్యయనం పేపరు పెట్టండి. దాన్ని చరిత్ర, తెలుగు, ఉర్దూ అధ్యాపకులు కలిసి చెప్పాలి. ఆ పేపరు చదివినవారి ఫోను నంబర్లు రాసుకుని, ఏడాదికోసారి, కనీసం అయిదేళ్లు, ఆ మూడు ప్రశ్నలు అడిగి జవాబులు రాసిపెట్టండి. ఎవరికి ఉద్యోగం రాలేదో, ఎందుకు రాలేదో కూడా రాయండి. వచ్చే ఏటి తల్లిదండ్రులు ఈ ప్రశ్నతోనే వస్తారు. వారికి చూపించడానికి ఆ రిజిస్టరు ఉండాలి.