మూడు గీతలు, ఆరడుగుల పాయింట్ గార్డ్: కెంబా వాకర్ దారి

(దృశ్యం: పైనుంచి కోర్టు. రింగ్ చుట్టూ ఒకదాని వెనక ఒకటి మూడు వంపు గీతలు)

బాస్కెట్‌బాల్‌లో త్రీ పాయింట్ లైన్ బయటి నుంచి వేసిన బంతికి మూడు పాయింట్లు. అమెరికా హైస్కూళ్లలో ఆ లైన్ రింగ్‌కి 19 అడుగుల 9 అంగుళాల దూరం. పాయింట్ గార్డ్ (జట్టులో బంతి నడిపించే ఆటగాడు) కెంబా వాకర్ కాలేజీలో ఆడిన రోజుల్లో అక్కడ 20 అడుగుల 9 అంగుళాలు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో, మూలలు వదిలేస్తే, 23 అడుగుల 9 అంగుళాలు, అంటే 7.24 మీటర్లు. మన కోర్టుల్లో గీసే 6.75 మీటర్ల లైన్ మీద నిలబడి అర మీటరు వెనక్కి జరగండి, తేడా భుజానికి తెలుస్తుంది. వాకర్‌ని ఎన్నేళ్లో ఇబ్బంది పెట్టింది ఈ దూరమే.

(దృశ్యం: న్యూయార్క్ మ్యాప్. బ్రాంక్స్ నుంచి హార్లెం)

వాకర్ పుట్టింది బ్రాంక్స్‌లో, ఆడింది హార్లెంలోని రైస్ హైస్కూల్‌కి. ఆరడుగుల గార్డ్ ఎప్పుడూ తనకంటే పొడుగు చేతుల మీదుగానే బంతి వెయ్యాలి. అందుకే ముందు చోటు చేసుకోవడం నేర్చుకోవాలి.

(దృశ్యం: 2011 మార్చి 10, మాడిసన్ స్క్వేర్ గార్డెన్. స్లో మోషన్)

కాలేజీ జట్ల బిగ్ ఈస్ట్ టోర్నీ క్వార్టర్ ఫైనల్. వాకర్ జట్టు కనెక్టికట్ 74, పిట్స్‌బర్గ్ 74. ఆఖరి క్షణాలు. వాకర్ ముందు పిట్స్‌బర్గ్ సెంటర్ (రింగ్ దగ్గర ఆడే ఆటగాడు) గ్యారీ మెగీ మిగిలాడు. పొడుగు మనిషే, కానీ గార్డ్‌తో పాటు పాదాలు కదపడం కష్టం.

ఇక్కడ వీడియో ఆపి పాదాలు చూడండి. వాకర్ ముందు నిజంగానే రింగ్ వైపు దూసుకెళ్లాడు. ఆపాలంటే మెగీ వెనక్కి జరగక తప్పదు, ఒంటి బరువంతా అటే పోతుంది. సరిగ్గా అప్పుడు వాకర్ ముందు కాలు గట్టిగా తన్ని వెనక్కి గెంతాడు. మెగీ తూలి పడ్డాడు. బంతి రింగ్‌లో పడింది, 76-74.

ఇలా వెనక్కి గెంతి షాట్ వెయ్యడమే స్టెప్ బ్యాక్. అది నేర్చుకునే పిల్లలు చేసే తప్పు వెనక్కి గెంతడంలో ఉండదు, దానికి ముందు ఉంటుంది. డ్రైవ్ (రింగ్ వైపు దూసుకెళ్లడం) ఉత్తుత్తిగా చేస్తారు, డిఫెండర్ భయపడడు, కదలడు. ఇంకోటి, గెంతాక నడుము పైభాగం వెనక్కే వాలిపోతే బంతి రింగ్ ముందే పడుతుంది.

ఆ టోర్నీలో అయిదు రోజుల్లో అయిదు మ్యాచ్‌లు గెలిచారు, వాకర్ 130 పాయింట్లు కొట్టాడు. తర్వాతి నెలలో బట్లర్‌ని 53-41తో ఓడించి జాతీయ టైటిల్ కూడా.

(దృశ్యం: 2011 డ్రాఫ్ట్)

ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునేది డ్రాఫ్ట్‌లోనే. వాకర్ తొమ్మిదో పిక్, షార్లెట్ బాబ్‌క్యాట్స్. మొదటి సీజన్‌లో ఆ జట్టు 7 గెలిచి 59 ఓడింది.

(దృశ్యం: యానిమేషన్. సెంటర్ స్క్రీన్, రెండు బాణాలు)

ఎన్‌బీఏ గార్డ్‌కి రోజూ ఎదురయ్యే పరీక్ష పిక్ అండ్ రోల్. మన సెంటర్ వచ్చి డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడతాడు, అదే స్క్రీన్. డిఫెండర్‌కి రెండు దారులు. బంతి ఉన్న వైపు నుంచి గార్డ్‌ని అంటిపెట్టుకుని వస్తే "ఓవర్". రింగ్ వైపు నుంచి, స్క్రీన్ వెనకగా వస్తే "అండర్". అండర్ వెళ్తే దారి దగ్గర, డ్రైవ్‌కి సందు ఉండదు. కానీ ఆ క్షణంలో గార్డ్ త్రీకి ఖాళీ. ఆ త్రీ పడదని నమ్మకం ఉంటేనే ఎవరైనా అండర్ వెళ్తారు.

2014-15లో వాకర్ త్రీలు పడింది 30.4 శాతం. ఎంత వేగం ఉంటే ఏం, దారి మూసుకుపోతుంది.

2015 వేసవిలో షూటింగ్ కోచ్ బ్రూస్ క్రూట్జర్‌తో కూర్చుని షాట్ మీద పని చేశాడు. తర్వాతి సీజన్ 37.1 శాతం, ఆ తర్వాత 39.9. 2017లో మొదటిసారి, లీగ్‌లో మేటి ఆటగాళ్లు ఆడే ఆల్ స్టార్ మ్యాచ్‌కి ఎంపికయ్యాడు. నా దృష్టిలో అతని కెరీర్‌లో అతి పెద్ద మలుపు మెగీ మీద కొట్టిన షాట్ కంటే ఈ వేసవే.

(దృశ్యం: 2018 నవంబర్ 17, ఫిలడెల్ఫియాతో మ్యాచ్)

ఇప్పుడు అండర్ వెళ్తే త్రీ. ఓవర్ వస్తే డిఫెండర్ ఒక అడుగు వెనకబడతాడు, ముందు సెంటర్ ఒక్కడే. ఆ రాత్రి వాకర్‌కి 60 పాయింట్లు: ఆరు త్రీలు, పదిహేను రెండు పాయింట్ల బుట్టలు, వేసిన 12 ఫ్రీ త్రోలకి పన్నెండూ. ఓవర్‌టైమ్‌లో షార్లెట్ 122-119తో ఓడింది.