బియ్యం సంచి వచ్చింది, జీతం రాలేదు: మాంద్యంలో విరాళాల లెక్క

(తెర మీద: 2020 ఏప్రిల్, ఒక బస్తీ వీధి, వరుసగా పేర్చిన బియ్యం సంచులు)

నమస్కారం. 2020 ఏప్రిల్ ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఎటు చూసినా పంపకాలే. బియ్యం, కిలో కందిపప్పు, నూనె ప్యాకెట్, ఉల్లిగడ్డలు, పైన ఒక మాస్కు. పంచేవాళ్లు ఎక్కువై కొన్ని వీధుల్లో ఒకే ఇంటికి రెండు మూడు సంచులు అందాయి. అదే ఏడాది చాలా చిన్న ఆశ్రమాలు, స్పెషల్ స్కూళ్లు, వృద్ధాశ్రమాలు ఆయాలకి, వంటమనిషికి జీతం ఇవ్వలేక కిందా మీదా పడ్డాయి. జనం అంత ఇస్తుంటే వీళ్లకి ఎందుకు అందలేదు?

ఈ వీడియోలో చూసేది అదే. ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు విరాళాలు ఎటు పోతాయి, వాటి అవసరం ఉన్న ఇల్లు ఎలా కుంగిపోతుంది. ముందు ఇంటి సంగతి చూద్దాం. ఎందుకంటే విరాళాల గురించి మాట్లాడే చాలామంది ఆ ఇంటి గడప దాకా వెళ్లకుండానే లెక్కలు మొదలుపెడతారు.

(తెర మీద: తెల్లవారుజామున లేబర్ అడ్డా, టిఫిన్ బాక్సులతో నిలబడ్డ కూలీలు)

ఒక తాపీ మేస్త్రీ అనుకోండి. కూకట్‌పల్లి అడ్డా మీద నిలబడతాడు. భార్య రెండిళ్లలో పని చేస్తుంది. ఇద్దరు పిల్లలు. నాలుగు రోజులు పని దొరక్కపోతే అతను ఏ ట్రస్టు ఆఫీసుకీ వెళ్లడు. తోటి మేస్త్రీ దగ్గర వెయ్యి చేబదులు తీసుకుంటాడు. బావమరిదికి ఫోన్ చేస్తాడు. ఆవిడ పనిచేసే ఇంట్లో వచ్చే నెల జీతం ముందే అడుగుతుంది. కిరాణా కొట్లో ఖాతా రాయిస్తారు. పేదింటికి అసలైన ఇన్సూరెన్స్ ఇదే. మామూలు రోజుల్లో భేషుగ్గా పనిచేస్తుంది కూడా. ఒకరికి జ్వరమొచ్చి పని పోతే ఇంకొకరికి పని ఉంటుంది కాబట్టి, డబ్బు అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది.

మాంద్యం దెబ్బ కొట్టేది సరిగ్గా ఇక్కడే. సైట్లు ఆగిపోతే అడ్డా మీద ఉన్న అందరికీ ఒకేరోజు పని పోతుంది. చేబదులిచ్చే మేస్త్రీ కూడా చేబదులు వెతుక్కుంటూనే ఉంటాడు. బావమరిది ఫోన్ ఎత్తడు. పాపం, ఎత్తి ఏం చెబుతాడు?

కిరాణా కొట్టు పుస్తకం దగ్గరగా చూద్దాం. పొడుగాటి నోటుబుక్కు, ఇంటికో పేజీ. పాలు, గుడ్లు, సర్ఫు, పావుకిలో చక్కెర అంటూ రోజూ ఒక వరుస పడుతుంది. జీతాలు రాగానే లెక్క కట్టి అడ్డంగా గీత కొట్టేస్తారు. చేతులు బిగిసిన నెలలో ఆ గీత పడదు. రెండో నెల పేజీ నిండి వెనక్కి తిరుగుతుంది. వరుసల్లో ముందు గుడ్లు మాయమవుతాయి, తర్వాత పాలు సగమవుతాయి. మూడో నెల కొట్టతను ‘పాత బాకీ కొంతైనా కట్టు తల్లీ’ అంటాడు. అతనికీ హోల్‌సేల్ వాడు సరుకు అప్పు ఆపేశాడు మరి.

అక్కడి నుంచి మెట్లు తెలిసినవే. ముందు బంగారం. 2020 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఒక వెసులుబాటు ఇచ్చింది: బ్యాంకులు బంగారం విలువలో అప్పటిదాకా 75 శాతం వరకే అప్పు ఇచ్చేవి, 2021 మార్చి దాకా 90 శాతం వరకూ ఇవ్వొచ్చు. అంటే అదే పుస్తెలతాడు మీద ఇంకాస్త ఎక్కువ డబ్బు. సాయమే, కాదనను. కానీ విడిపించుకోవాల్సిన మొత్తం కూడా పెరిగిందిగా! తాకట్టు పెట్టడానికి ఏమీ లేనివాళ్లకి గిరిగిరి ఫైనాన్స్ ఉంది. పదివేలు అని రాయించుకుని చేతిలో తొమ్మిది వేలో, ఇంకా తక్కువో పెడతారు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పని ఉన్నప్పుడే కష్టం, పని లేనప్పుడు సాయంత్రం బండి చప్పుడైతే చాలు, ఇంట్లో టెన్షన్. ఆ తర్వాత అమ్మమ్మ బీపీ మాత్ర రోజు విడిచి రోజు. ఆ తర్వాత స్కూలు ఫీజు.

ఈ చేబదులు, ఖాతా, అడ్వాన్సు ఏ విరాళాల నివేదికలోనూ కనపడవు. నా దృష్టిలో మాంద్యంలో అన్నిటికంటే ముందు ఎండిపోయే దానం ఇదే. కోటీశ్వరుడి చెక్కు సంగతి తర్వాత.

(తెర మీద: ఖాళీ ఫంక్షన్ హాల్)

ఇప్పుడు ఇచ్చేవాళ్ల వైపు వద్దాం. మన దగ్గర ఒక అనాథాశ్రమం ఎలా నడుస్తుందో చూడండి. ఆఫీసు గదిలో ఒక క్యాలెండర్ ఉంటుంది. ఫలానా తారీఖు ఫలానా వారి పాప పుట్టినరోజు, మధ్యాహ్న భోజనం. ఫలానా రోజు ఒకాయన తండ్రి సంవత్సరీకం, రెండు పూటలా. పెళ్లిళ్ల సీజన్‌లో ఫంక్షన్ హాళ్ల నుంచి రాత్రి పదకొండింటికి గిన్నెలు వస్తాయి. అంటే పిల్లల తిండి చాలావరకు మన ఇళ్లలో జరిగే శుభకార్యాల మీద ఆధారపడి ఉంది. జేబులు బిగిసినప్పుడు జనం ముందు కోత పెట్టేది వేడుకలకే. లాక్‌డౌన్‌లో అయితే వేడుకలే లేవు. పోనీ, బియ్యం సంచులు వచ్చాయి అనుకున్నా, వాటితో కరెంటు బిల్లు కట్టలేరు. అద్దె కట్టలేరు. రాత్రి పిల్లల దగ్గర పడుకునే ఆయాకి జీతం ఇవ్వలేరు. ‘నా డబ్బు పిల్లలకే వెళ్లాలి, జీతాలకి వద్దు’ అనే దాత మంచి ఉద్దేశంతోనే అంటాడు. ఆయా లేకపోతే ఆ పిల్లలకి జ్వరమొచ్చిన రాత్రి ఎవరు లేస్తారు?

పెద్ద కంపెనీల లెక్క ఇంకో రకం. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఆ ‘మూడేళ్ల సగటు’ అన్నది గమనించండి. 2020లో వ్యాపారం కుప్పకూలినా, ఆ ఏడాది సీఎస్ఆర్ మొత్తం అంతకు ముందు మంచి సంవత్సరాల లాభం మీద లెక్కవుతుంది. అందుకే దేశం మొత్తం మీద 2019-20లో దాదాపు 25 వేల కోట్లున్న సీఎస్ఆర్ ఖర్చు, 2020-21లో తగ్గకపోగా 26 వేల కోట్లు దాటింది. 2020 ఏప్రిల్-జూన్‌లో మన జీడీపీ, మొదటి అంచనా ప్రకారం, దాదాపు 24 శాతం పడిపోయిన ఏడాది అది!

మరి డబ్బు తగ్గకపోతే సమస్య ఏమిటి? దారి మళ్లింది. ఆరోగ్యం పద్దు కింద సీఎస్ఆర్ ఖర్చు సుమారు 4,900 కోట్ల నుంచి 7,300 కోట్లకు పెరిగింది. చదువు పద్దు తగ్గింది. 2020 మార్చి చివర్లో పెట్టిన పీఎం కేర్స్ నిధికి మొదటి అయిదు రోజుల్లోనే 3,076 కోట్లు వచ్చాయి. దానికిచ్చే డబ్బు సీఎస్ఆర్ కింద చెల్లుతుందని కేంద్రం చెప్పింది, రాష్ట్రాల ముఖ్యమంత్రి సహాయనిధికి ఇస్తే చెల్లదని కూడా చెప్పింది. దాని మీద రాజకీయ వాదన పక్కన పెడదాం. ఒక చిన్న ట్రస్టు కార్యదర్శి స్థానంలో ఉండి చూడండి. ఏటా సాయం చేసే కంపెనీ వాళ్లు ‘ఈ ఏడు మా బడ్జెట్ అంతా కోవిడ్‌కి వెళ్లిపోయిందండీ’ అంటే, ఏమని వాదిస్తాడు? ఆ మాటలో అబద్ధమూ లేదు.

దీనికి తోడు 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టం మారింది. ఎఫ్‌సీఆర్‌ఏ అంటాం కదా, అదే. విదేశీ నిధులు తీసుకున్న పెద్ద సంస్థ, అందులో వాటా ఊళ్లోని చిన్న సంస్థకి పంచడం కుదరదన్నారు. ఆఫీసు ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. ఇక్కడ మన ఎన్నారైలకి ఒక మాట. మీ ఊరి ట్రస్టుకి మీరు పంపే డబ్బు, మీ చేతిలో భారత పాస్‌పోర్టు ఉన్నంతవరకూ విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేని ట్రస్టు దాన్ని తీసుకోకూడదు. మనిషి అతనే, ఊరు అదే, పంపే వంద డాలర్లూ అవే. చాలామందికి ఇది చివరిదాకా తెలియదు.

(తెర మీద: 108 అంబులెన్స్)

ఒకే దాత మీద ఆధారపడితే ఏమవుతుందో మన ఉమ్మడి రాష్ట్రమే 2009లో చూసింది. ప్రపంచ మాంద్యం నడుమ, జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లెక్కలు తారుమారు చేశానని ఒప్పుకున్నారు. ఆయన కుటుంబం నడిపే బైర్రాజు ఫౌండేషన్ పల్లెల్లో తాగునీళ్ల ప్లాంట్లు, ఆరోగ్య కేంద్రాలు నడిపేది. 2005లో మొదలైన 108 సర్వీసు సంస్థ ఈఎమ్‌ఆర్‌ఐ కూడా ఆయన పెట్టిందే. కంపెనీతో పాటు ఈ రెండిటికీ ఊపిరాడలేదు. 108 బండి మాత్రం ఆగలేదు. దాని నిర్వహణ ఖర్చులో ఎక్కువ భాగం అప్పటికే ప్రభుత్వం భరిస్తోంది, యాజమాన్యంలోకి అదే ఏడాది జీవీకే వచ్చింది. పూర్తిగా దాత జేబు మీదే నడిచే పనికి ఆ అదృష్టం ఉండదు.

శాశ్వత నిధి పెట్టుకున్న చోట దెబ్బ మెల్లగా తగులుతుంది. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానానికి వచ్చే విరాళాలు బ్యాంకుల్లో డిపాజిట్ చేసి, వడ్డీ వాడతారు. ఏ నెల ఎంత వచ్చిందన్న బెంగ ఉండదు. కాకపోతే మాంద్యంలో రిజర్వు బ్యాంకు వడ్డీ రేట్లు దించుతుంది. పది లక్షల డిపాజిట్ మీద 7 శాతానికి ఏడాదికి 70 వేలొస్తే, 5.4 శాతానికి 54 వేలే. తిరుమల తట్టుకుంటుంది. పది లక్షలే మొత్తం ఆస్తి అయిన ఊరి వృద్ధాశ్రమానికి ఆ పదహారు వేలు చాలా పెద్ద మొత్తం.

ఇక నాకు బాగా గుచ్చుకునే విషయం. దానం కంటికి కనపడే కష్టం వెంటే వెళుతుంది. రోడ్డు మీద నడిచి వెళ్తున్న వలస కూలీలను చూసి జనం చలించారు, చలించాలి కూడా. ఒడిశా నుంచి వచ్చిన కూలీకి అప్పట్లో ఇక్కడ రేషన్ కార్డు పనిచేసేది కాదు. ఏ రాష్ట్రంలోనైనా రేషన్ తీసుకునే పద్ధతి ఆంధ్ర, తెలంగాణల మధ్య 2019 ఆగస్టులోనే మొదలైనా, ఒడిశా అందులో చేరింది 2020 జూన్‌లో. వలస కూలీలను సొంత రాష్ట్రాలకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలో మొదటిది మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకి బయల్దేరింది. అంతదాకా వాళ్లని నిలబెట్టిన దాంట్లో దాతల అన్నం పొట్లాల పాత్ర తక్కువేం కాదు.

మరి ప్రైవేటు స్కూలు టీచరు? ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు, చుట్టుపక్కల అందరూ ‘సార్’ అని పిలుస్తారు. స్కూలు మూసేస్తే జీతం ఆగిపోయింది. బియ్యం పంచే లైన్‌లో తను పాఠం చెప్పిన పిల్లాడి తండ్రి నిలబడి ఉంటే, ఈయన ఎలా వెళ్లి నిలబడతాడు? అరటిపళ్లు అమ్మినవాళ్లున్నారు, కరువు పనికి పోయి గడ్డపార పట్టినవాళ్లున్నారు. ఏడాది గడిచాక, 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకి నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఫొటో దిగితేనే సాయం అనే పద్ధతి ఉన్నంతకాలం ఇలాంటి ఇళ్లకి ఏ దాతా చేరడు. నిజానికి ఫొటోల పిచ్చి మీద ఒక వీడియో విడిగా చేయాలి, సరే వదిలేద్దాం.

(తెర మీద: రెండు నిలువు గీతలు, ఒకటి పొట్టి, ఒకటి చాలా పొడుగు)

కొలతలు కూడా ఒకసారి పక్కపక్కన పెట్టుకుందాం. ఆ ఏడాది కంపెనీల సీఎస్ఆర్ మొత్తం 26 వేల కోట్లు. ఒక్క ఉపాధి హామీకే 2020-21లో కేంద్రం లక్షా 10 వేల కోట్లకు పైగా ఇచ్చింది. పనిదినాలు ముందటేడు 265 కోట్లు, ఆ ఏడు 389 కోట్లు. నెలకి మనిషికి అయిదు కిలోల ఉచిత ధాన్యం దాదాపు 80 కోట్ల మందికి. అమెరికాలోనూ అంతే. 2008లో అక్కడ విరాళాలు తొలి అంచనా ప్రకారం 2 శాతం తగ్గితే, ప్రభుత్వ ఆహార సాయం తీసుకునేవాళ్లు 2007లో 2.6 కోట్ల నుంచి 2013 నాటికి 4.7 కోట్లకు పైగా పెరిగారు. అవసరం పెరిగే రోజున దాత జేబు కూడా చిక్కిపోతుంది. అప్పు చేసైనా ఖర్చు పెట్టగలిగేది సర్కారు ఒక్కటే. ‘ప్రభుత్వం ఎందుకు, మంచి మనుషులు చాలు’ అనేవాళ్లు ఈ రెండు గీతలూ చూసి మాట్లాడాలి.

అలాగని మీ వెయ్యి రూపాయలకి విలువ లేదని కాదు. సర్కారు జాబితాలో పేరు లేని ఇల్లు, కార్డు లేని మనిషి, జీతం ఆగిన ఆయా, వీళ్ల దగ్గరికి త్వరగా చేరేది ఆ వెయ్యే. ఎలా ఇస్తున్నామన్నదే తేడా. ఒక పూట భోజనానికి ఏడాదికోసారి అయిదు వేలు ఇచ్చేవాళ్లు, అదే మొత్తాన్ని నెలకి నాలుగు వందల పైచిలుకు చొప్పున, ‘దేనికైనా వాడుకోండి’ అని ఇచ్చి చూడండి. నిర్వాహకులు దాన్ని నమ్ముకుని ఒకరికి జీతం మాట ఇవ్వగలుగుతారు. పన్ను మినహాయింపు కోసం మార్చిలో ఇచ్చేవాళ్లు ఇంకో సంగతి చూసుకోండి: కొత్త పన్ను విధానంలో, విరాళాల మీద దొరికే 80జీ మినహాయింపు లేదు. కాబట్టి మార్చి దాకా ఆగాల్సిన పని మీలో చాలామందికి ఇప్పుడు లేదు.

ఆశ్రమం ఆఫీసులోని ఆ క్యాలెండర్ గురించి కూడా అడగండి. పండగ నెలల్లో దాతలు బారులు తీరతారు. జూన్ వచ్చేసరికి స్కూలు ఫీజులు, పుస్తకాలు, పల్లెల్లో విత్తనాలు, ఎరువులు అన్నీ ఒక్కసారే మీద పడతాయి, ఇచ్చేవాళ్ల ఇళ్లలో కూడా అదే ఖర్చు. ఏ తారీఖుల గళ్లు ఖాళీగా ఉన్నాయో, ఏ బిల్లు రెండు నెలలుగా పెండింగ్‌లో ఉందో ఫోన్ చేసి అడిగితే వాళ్లే చెబుతారు. ఎక్కువసార్లు వినపడే జవాబు గ్యాస్ బండ, కరెంటు బిల్లు, వంటమనిషి జీతం.