ఓటు లేనివాళ్లు నడిపిన ఉద్యమం

[తెర మీద: మైకు ముందు ఒక అమ్మాయి]

2010 మార్చి 10, అమెరికాలోని షికాగో. కాలేజీ వయసు పిల్లలు ఒక్కొక్కరే నలుగురి ముందుకొచ్చి "నాకు కాగితాలు లేవు, భయమూ లేదు" అంటున్నారు. కాగితాలంటే ఆ దేశంలో ఉండటానికి అనుమతి పత్రాలు. చిన్నప్పటి నుంచి ఇంట్లో వాళ్లకు నూరిపోసిన మాట ఒకటే: ఈ సంగతి ఎవరికీ చెప్పకు. చెబితే దేశం నుంచి పంపించేస్తారు. అందుకే నోరు విప్పడమే అక్కడ పెద్ద సాహసం.

వీళ్లంతా చిన్నప్పుడు అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని అమెరికాకు వచ్చినవాళ్లు. 1982లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల స్కూలు చదువు దొరికింది. పన్నెండో తరగతి అయ్యాక మాత్రం ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఆర్థిక సాయం లేదు, చట్టబద్ధంగా ఉద్యోగమూ లేదు. ఇలాంటి పిల్లలకు చట్టబద్ధంగా ఉండే దారి చూపాల్సిన డ్రీమ్ యాక్ట్ అనే బిల్లు 2001 నుంచి అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లో నలుగుతూనే ఉంది.

[తెర మీద: 2006, జనంతో నిండిన వీధి]

అంతకుముందే ఒక పాఠం ఉంది. కాగితాలు లేకుండా ఉండటాన్నే నేరంగా మార్చే బిల్లును 2005 డిసెంబరులో ప్రతినిధుల సభ ఆమోదించింది. స్పానిష్ రేడియో జాకీలు పొద్దున్నే మైకు పట్టుకుని, తెల్ల చొక్కాలు వేసుకుని ర్యాలీకి రండని పిలిచారు. 2006లో లాస్ ఏంజెలెస్, షికాగో వీధుల్లోకి లక్షలమంది వచ్చారు. ఆ బిల్లు చట్టం కాలేదు.

2010 మేలో కొందరు యువకులు పట్టాల రోజున వేసుకునే గౌన్లు, టోపీలతో అరిజోనా రాష్ట్రం టూసాన్‌లో, ఆ రాష్ట్ర సెనేటర్ మెకెయిన్ ఆఫీసులో బైఠాయించారు. అరెస్టయిన వాళ్లలో ముగ్గురికి కాగితాల్లేవు. ఆ డిసెంబరులో డ్రీమ్ యాక్ట్‌కు సెనేట్‌లో 55 ఓట్లు పడ్డాయి. బిల్లును తుది ఓటింగుకు తేవడానికి కావలసినవి 60.

ఎంత ఏడ్చి ఉంటారో! కానీ ఇళ్లకు వెళ్లి కూర్చోలేదు. ఒత్తిడిని నేరుగా అధ్యక్షుడి వైపు తిప్పారు. ఎన్నికల ఏడాది 2012లో, జూన్ 15న ఒబామా ఈ పిల్లల కోసం డాకా (DACA) అనే పథకం ప్రకటించారు: రెండేళ్లపాటు పంపించెయ్యరు, పని చేసుకోవచ్చు, తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి. పౌరసత్వం లేదు, ఓటూ లేదు. అయినా 8 లక్షల మందికి పైగా దీనివల్ల ఊపిరి పీల్చుకున్నారు.

[తెర మీద: వంటింట్లో ఒక తల్లి]

నన్ను బాధపెట్టేది ఒకటుంది. "పాపం, పిల్లల తప్పేం లేదు" అని చాలామంది నాయకులు వాదించారు. అంటే తప్పు అమ్మానాన్నలదనా? ఆ మాట ఈ పిల్లలే ఒప్పుకోలేదు. మొదట కల కన్నది మా తల్లిదండ్రులే అన్నారు. డాకాలో ఆ తల్లిదండ్రులకు చోటు లేదు. 2007 జూన్ 15 తర్వాత వచ్చిన పిల్లలకూ లేదు. అప్పట్లో చంకనెక్కి వచ్చిన పసివాళ్లు ఈపాటికి స్కూలు దాటేశారు.