లైన్‌బ్యాకర్లు: అప్పటివాళ్ళా, ఇప్పటివాళ్ళా? ఫ్రీ పాస్‌తో నేను చూసింది

అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలు చూపించే ఒక స్ట్రీమింగ్ యాప్ వాళ్ళు మూడు నెలల పాస్ ఫ్రీగా ఇచ్చారు. డబ్బులు మాత్రం ఇవ్వలేదు. ఇచ్చుంటే ఇంకాస్త మెత్తగా మాట్లాడేవాణ్ణేమో.

ధరలు, ప్లాన్లు మీరు ఈపాటికి చూసే ఉంటారు, వాటి జోలికి పోను. నా పిచ్చి ఒక్కటే, ఆల్-22. మైదానంలో 22 మందీ కనిపించేలా పైనుంచి తీసే కోచ్‌ల వీడియో. మామూలు టీవీలో కెమెరా బాల్ వెంట పోతుంది, లైన్‌బ్యాకర్ (అడ్డుకునే టీములో ముందు వరస వెనకాల ఉండేవాడు) మాయమైపోతాడు.

ఇదిగో, ఇక్కడ ఆపుతున్నా. శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ టీము లైన్‌బ్యాకర్ ఫ్రెడ్ వార్నర్. క్వార్టర్‌బ్యాక్ (బాల్ విసిరేవాడు) బాల్‌ని రన్నింగ్ బ్యాక్ (బాల్ పట్టుకుని పరిగెత్తేవాడు) చేతిలో పెట్టినట్టే పెట్టి లాగేసుకున్నాడు. వార్నర్ ఒక్క అడుగు ముందుకేశాడు. ఆ కాలు నేలకి ఆనీ ఆనకముందే నడుం తిప్పి వెనక్కి లంకించుకున్నాడు, మధ్యలో వచ్చే రిసీవర్ (విసిరిన బాల్ పట్టేవాడు) దారికి అడ్డం పడ్డాడు. 104 కేజీల మనిషండీ! బాల్ అటు రాలేదు కాబట్టి స్కోరుకార్డులో ఏమీ ఎక్కలేదు. నేను పదకొండు సార్లు చూశా. మా ఆవిడ "మళ్ళీ అదేనా?" అని లేచి వెళ్ళిపోయింది.

పాతకాలపు లైన్‌బ్యాకర్ డిక్ బట్‌కస్‌ని ఇలా పరిగెత్తమంటే? షికాగో బేర్స్ టీముకి 1965 నుంచి 1973 దాకా ఆడాడు. గుద్దడం ఒక్కటే వచ్చనుకోకండి, 22 ఇంటర్‌సెప్షన్లున్నాయి, అంటే అవతలివాళ్ళు విసిరిన బాల్‌ని అన్నిసార్లు లాక్కున్నాడు. కాకపోతే అప్పట్లో రిసీవర్‌ని దారిలోనే పట్టి కుదిపేయొచ్చు. బాల్ కదిలే గీత నుంచి ఐదు గజాలు దాటాక చెయ్యి వెయ్యకూడదని 1978లో రూల్ వచ్చింది, ఆ సుఖం పోయింది. వార్నర్ పరుగంతా దాని పుణ్యమే.

ఇక నా కోపం. యాప్‌లో 1986 జెయింట్స్ (న్యూయార్క్ టీము) అని కొడితే వచ్చినవి హైలైట్లు, అవీ ముక్కలు ముక్కలుగా! వాళ్ళ లైన్‌బ్యాకర్ లారెన్స్ టేలర్ అండీ. ఆ ఏడాది 20.5 సాక్‌లు (బాల్ విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం), లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏడాది మేటి ఆటగాడి అవార్డు. ఆ తర్వాత డిఫెన్స్‌లో ఆడే ఎవరికీ అది రాలేదు. 1982 నుంచే సాక్‌లు అధికారికంగా లెక్కపెట్టారు కాబట్టి మొదటి ఏడాదివి ఆయన ఖాతాలోకే రాలేదు. వాషింగ్టన్ కోచ్ జో గిబ్స్ ఈయన్ని ఆపడానికే అదనంగా ఇంకో టైట్ ఎండ్‌ని (లైన్ చివర నిలబడి అడ్డుకునేవాణ్ణి) దింపాడు.

ఈ కాలపు లైన్‌బ్యాకర్ టీజే వాట్ 2021లో 22.5 సాక్‌లు కొట్టాడుగా అంటారు. కొట్టాడు, కాదనను. కానీ ప్లేనోలో గరాజ్ సేల్‌లో కొన్న వీహెచ్‌ఎస్ టేపొకటి ఉంది నా దగ్గర. బొమ్మ గీతలు గీతలుగా వస్తుంది. అందులో టేలర్ అంచు నుంచి ఒంటిచేత్తో బ్లాకర్‌ని తోస్తే వాడు మోకాళ్ళ మీద కూలబడతాడు. వాడు లేచేలోపు క్వార్టర్‌బ్యాక్ కింద ఉంటాడు. దానికి ఆల్-22 అక్కర్లేదు.

ఈనాటి ఆటకి నా టీములో వార్నరే. కానీ రాత్రి రెండింటిదాకా మేలుకుని చూడాలంటే టేలరే, ఇందులో బేరం లేదు. పాస్ అయిపోయాక కొంటానా? పాత ఆటలు పూర్తిగా పెడితే కొంటా. ఈలోపు వీసీఆర్‌కి బెల్టు మార్పించాలి, టేపు నములుతోంది.