తెలుసు, ఎరుగుదును, వచ్చు

శ్రోతలకు నమస్కారం.

తెలియడం అనే అర్థంలో ఇంగ్లీషువారు వాడే 'నో' అనే క్రియ చాలా చిన్నది. దాని మీద ఆ భాష మోపిన బరువు మాత్రం చిన్నది కాదు. రైలు ఎన్ని గంటలకు బయలుదేరుతుందో తెలిసినా, పక్కింటి పెద్దాయనతో ఇరవై ఏళ్ల పరిచయం ఉన్నా, ఒక భాషలో మాట్లాడడం వచ్చినా, చీకటిలో గొంతు విని మనిషిని ఆనవాలు పట్టినా, వారికి ఆ ఒక్క మాటే చాలు. జర్మన్ భాషలో ఈ పనిని విస్సెన్, కెన్నెన్, క్యోన్నెన్ అనే మూడు క్రియలు పంచుకుంటాయి. ఆనవాలు పట్టడానికి కెన్నెన్ నుంచే పుట్టిన ఎర్‌కెన్నెన్ అనే మరో క్రియ ఉంది.

ఆయన ఎక్కడ ఉంటారో నాకు తెలుసు అనడానికి జర్మన్‌లో 'ఇష్ వైస్, వో ఎర్ వోన్ట్' అంటారు. ఇది విస్సెన్, అంటే ఒక సంగతి తెలిసి ఉండడం. ఆయనతోనే పరిచయం ఉన్నదనడానికి 'ఇష్ కెన్నె ఈన్' అనాలి. నేను జర్మన్ నేర్చుకుంటున్న తొలి రోజుల్లో, ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో ఉంచుకొని, రెండో సందర్భంలోనూ మొదటి క్రియనే రాసి, మనుషుల విషయంలో అది చెల్లదని మా ఉపాధ్యాయుల చేత చెప్పించుకున్నాను. ఆ రోజు ఇంటికి వెళ్తూ ఆలోచిస్తే, ఇంగ్లీషు మీదుగా పోవడం వల్లనే దారి తప్పానని, తెలుగు నుంచి నేరుగా వెళ్లి ఉంటే ఆ తప్పు జరిగేది కాదని అర్థమైంది. ఎందుకంటే ఆ సంగతి నాకు తెలుసు, ఆయన్ని నేను ఎరుగుదును, నాకు ఈత వచ్చు అని మనం కూడా మూడు మాటలు వాడుతున్నాం.

రెండు భాషల సరిహద్దులు అచ్చంగా ఒకే చోట లేవన్న మాట నిజమే. మనం మనిషి విషయంలో కూడా తెలుసు అంటాం; తెలంగాణలో సంగతి తెలిసినా "నాకెరుకే" అంటారు. అయినా ఎరుగు అనే మాటకు అనుభవంతో ఉన్న చుట్టరికం మన సామెతల్లో చెక్కు చెదరకుండా ఉంది. "ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్నప్పుడు ఎరుగదు అన్న చోట తెలియదు అని పెట్టి చూడండి, సామెతలోని పదును పోతుంది. జర్మన్‌లో దీనికి దగ్గరగా 'నోట్ కెంట్ కైన్ గెబోట్' అనే సామెత ఉంది. గతిలేని స్థితి ఏ కట్టడినీ ఎరుగదని దాని భావం. అక్కడ కూడా కెన్నెన్ వాడారు గాని విస్సెన్ వాడలేదు.

ఇంగ్లీషుకు ఈ తేడా మొదటి నుంచీ లేదనుకోవడం పొరపాటు. పాత ఇంగ్లీషులో విస్సెన్‌కు తోబుట్టువైన 'విటాన్', క్యోన్నెన్‌కు తోబుట్టువైన 'కున్నాన్' ఉండేవి. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో కూడా 'విటాన్' భూతకాల రూపమైన 'విస్ట్' కనిపిస్తుంది. తరువాత ఆ క్రియ వాడుక తప్పిపోయి, తెలివికి 'విట్' అని, సాక్షికి 'విట్నెస్' అని తన గుర్తులను మాత్రం మిగిల్చింది. స్కాట్లాండు వారు నేటికీ 'కెన్' అంటారు.

విస్సెన్ మూలం మనకు దూరమైనది కాదు. సంస్కృతంలోని విద్ ధాతువు, వేదం అనే మాట దాని బంధువులే. ఆ ధాతువుకు ఆదిలో చూడడం అనే అర్థం ఉండేది కనుక, 'ఇష్ వైస్' అనే రూపానికి వెనుక 'నేను చూశాను, కనుక నాకు తెలుసు' అనే భావం ఉంది. కెన్నెన్ చుట్టరికం జ్ఞా ధాతువుతో, అంటే మన జ్ఞానంతో. ఇక్కడ నాకెంతో ఇష్టమైన ఒక ముచ్చట చెప్పాలి. జర్మన్‌లో 'వైస్' అంటే తెలుసు అనే కాక తెలుపు అని కూడా అర్థం. ఉచ్చారణ ఒకటే గాని పుట్టుకలో ఆ రెండింటికీ సంబంధం లేదు, అది కాకతాళీయం. తెలుగులో మాత్రం తెలియడానికీ తెలుపుకూ మూలం ఒకటే. మసక విడిపోయి తేటపడడమే తెలియడం. తెల్లవారడంలో ఉన్నదీ ఆ వెలుగే.

ఇక క్యోన్నెన్. ఈత విషయంలో ఇంగ్లీషువారు 'ఎలా ఈదాలో తెలుసు' అన్నట్లు చెబితే, జర్మన్‌లో 'ఇష్ కన్ ష్విమ్మెన్' అంటారు. భాష విషయంలో మాట్లాడడం అనే క్రియ కూడా అవసరం లేకుండా 'ఇష్ కన్ డొయిచ్' అనేస్తారు. ఇది మన 'నాకు జర్మన్ వచ్చు' అన్నంత పొట్టి వాక్యం. తేడా అల్లా, అక్కడ నేను కర్తగా నిలబడతాను, ఇక్కడ విద్యే నా దగ్గరకు వస్తుంది.

పోలిక ఇంతటితో ఆగదు. సామర్థ్యాన్ని చెప్పిన ఆ వచ్చు అనే మాటనే మనం చేయవచ్చు, రావచ్చు అని క్రియల చివర చేర్చి వీలును, అనుమతిని, సంభావ్యతను చెబుతాం. క్యోన్నెన్ కూడా సరిగ్గా ఈ పనులన్నీ చేస్తుంది. ఈ రోజుల్లో చదువు కోసం జర్మనీ వెళ్తున్న మన పిల్లల్లో చాలామంది ఇంగ్లీషులో రాసిన పాఠ్యపుస్తకాలతోనే ఆ భాషను మొదలుపెడుతున్నారు. 'ఇష్ కన్ డొయిచ్', 'ఎస్ కన్ రేగ్నెన్' అనే రెండు వాక్యాలను వారు ఇంగ్లీషులోకి మార్చి చూస్తే రెండు వేరు వేరు క్రియలు కావలసి వస్తాయి. తెలుగులోకి మార్చి చూస్తే, నాకు జర్మన్ వచ్చు, వాన పడవచ్చు.